జిప్పులాయన ఎక్కిన మెట్లు

జిప్పు ఊడిపోయి, చలికి బిగుసుకుపోయి చచ్చిపోయిందట ఆ పిల్ల. ఆ జిప్పు కుట్టింది కన్నతండ్రేనట. ఏడాదికి పైగా మా వీధిలో తిరిగిన మాట ఇది. కిరాణా కొట్టావిడ దగ్గర మొదలై, వీధి చివర మందుల షాపు దాకా పోయి, అక్కడ ఇంకో రెండు ముక్కలు కలుపుకుని మళ్లీ మా మెట్ల దగ్గరికే వచ్చింది. ఆ మాట తప్పు. తప్పని తెలిశాక నోరు మూసుకుని కూర్చుంటే నాకు ముద్ద దిగదు. పైగా దాన్ని మోసిన వాళ్లలో నేనూ ఒకదాన్ని. పక్క వీధావిడ ఒకసారి నన్ను అడిగింది, "నిజమేనా?" అని. "అలాగే అంటున్నారమ్మా" అన్నాను. అన్నది ఆ ఒక్క మాటే. అది చాలదూ?

అందుకే రాస్తున్నాను. నేను చదివింది ఐదో తరగతి. అక్షరాల్లో తప్పులుంటే దిద్దుకుని చదువుకోండి. మనిషి సంగతిలో మాత్రం తప్పు రాయను.

ఆయన్ని వీధంతా జిప్పులాయన అంటారు. మా అయిదంతస్తుల భవనంలో, కింద మెట్ల పక్కన ఆరడుగుల గది ఆయన దుకాణం. దాని వెనక ఇంకో గది, అదే ఇల్లు. గోడ నిండా మేకులు, మేకుల నిండా ఊళ్లోవాళ్ల బ్యాగులు. బల్ల మీద డబ్బా మూతలు వరసగా పెట్టి, వాటిలో రన్నర్లు సైజుల వారీగా పోసుకునేవాడు. జిప్పు మీద పైకీ కిందికీ జరిగే ముక్కని రన్నరంటారు. "పళ్లు ఊడాయని అందరూ పళ్లనే తిడతారక్కా. తప్పంతా రన్నరుది" అనేవాడు. ఆయన నోట అంత పొడుగు మాట రావడమే గొప్ప. జిప్పు బాగయ్యాక పాత బ్రష్షుతో తోమి, కొవ్వొత్తి ముక్క రుద్ది, ఇరవైసార్లు పైకీ కిందికీ లాగి చూసేవాడు. ఇరవై అయ్యేదాకా బ్యాగు చేతికిచ్చేవాడు కాదు. ఎదుటివాళ్లు బస్సుకి టైమవుతోందని గగ్గోలు పెట్టినా పద్దెనిమిది, పందొమ్మిది అని లెక్కపెడుతూనే ఉండేవాడు.

కూతురికి తొమ్మిదేళ్లప్పుడు భార్య పోయింది. రెండేళ్లు మంచాన పడి పోయింది. ఆ రెండేళ్లూ ఆ వెనక గదిలోంచి మూలుగు వినపడని పూట లేదు. రెండో అంతస్తులో ఉన్న నాకే వినపడేది. పక్కనే కూర్చుని జిప్పులు కుట్టే మనిషికి ఎలా వినపడి ఉంటుందో చూసుకోండి.

ఆ తర్వాత ఆయనకి ఎవరైనా "అబ్బా" అంటే చాలు, మొహంలో నెత్తురు చుక్క ఉండేది కాదు. ఒకరోజు పిల్ల కడుపునొప్పంది. బల్ల మీద మూడు సూట్‌కేసులు నోళ్లు తెరుచుకుని ఉండగానే, దుకాణం అలాగే వదిలేసి, చెప్పులు కూడా లేకుండా పిల్లని ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తాడు. డాక్టరు గ్యాసని చెప్పి పంపించాడు. పిల్ల ఆ సాయంత్రమే ఆడుకుంది. ఈయన రెండు రోజులు తిండి తినలేదు, పిల్ల ఊపిరి చూస్తూ కూర్చున్నాడు.

పిల్ల ఏం పిచ్చిదా? చూసింది. అప్పటి నుంచి తండ్రి గుమ్మంలో అడుగు పెట్టగానే, అడక్కముందే అనేది, "బాగానే ఉన్నా నాన్నా." జ్వరమొచ్చినా అదే మాట. మోకాలు చెక్కుకుపోయినా అదే మాట. నవ్వుతూ అనేది, అదీ ముచ్చట.

ఆయన పొంగిపోయేవాడు. "మా అమ్మాయికి తలనొప్పంటే ఏంటో తెలీదక్కా."

"నీ అదృష్టం తమ్ముడూ. మా ఇంట్లో తుమ్మొస్తే వీధి వీధంతా వినాలి."

మా మనవళ్లకి రోజూ ఆ పిల్లనే చూపించేదాన్ని. చూసి నేర్చుకోండిరా, ఒక్క మూలుగైనా విన్నారా ఎప్పుడైనా, అని. ఇంకొకటి కూడా చెప్పాలి. పదో తరగతి పరీక్షలప్పుడు మెట్ల తలుపులో దాని వేలు నలిగింది. గోరు నల్లగా కమిలిపోయింది. నేను చూసి కెవ్వుమనబోతే, "ష్, పెద్దమ్మా, నాన్నకి చెప్పొద్దు" అంది. నా కడుపులో మాట దాగదని ఈ వీధిలో అందరికీ తెలుసు. ఆ ఒక్కటి మాత్రం దాచాను. దాచినందుకు మురిసిపోయాను కూడా.

పెద్దయ్యాక పిల్ల కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పనిలో చేరింది. ఇరవైనాలుగో ఏట, అక్కడ తనతో పనిచేసేవాళ్లు నలుగురు మంచుకొండల్లో ట్రెక్కింగ్‌కి బయల్దేరుతుంటే తనూ వెళ్తానంది. ఎప్పుడూ కొండ మొహం చూసిన పిల్ల కాదు.

"ఎందుకే? ఏముందక్కడ?" అని అడిగాను.

"మబ్బుని పైనుంచి చూడొచ్చట పెద్దమ్మా."

"ఎంత ఎత్తేంటి?"

"పధ్నాలుగు వేల అడుగులు."

"ఓస్, అంతేనా! మార్కెట్టుకెళ్లి వచ్చేసరికి నేనూ అన్ని వేస్తాను."

పొట్ట పట్టుకుని నవ్వింది. ఒక నోటు పుస్తకం పెట్టుకుని, కొండలెక్కడం నేర్పే ఆయన చెప్పినవన్నీ రాసుకుంది. కొత్త బూట్లు నెల ముందే కొని, తిరగలి తిప్పినట్టు ఇంట్లోనే టకటకా తిరిగేది. కోటు మాత్రం పనిచోట ఒకావిడ దగ్గర అడిగి తెచ్చుకుంది. మంచి కోటే, జిప్పే పాడైంది. తండ్రి పాత జిప్పు మొత్తం విప్పేసి లావుపాటిది వేశాడు. ఒకటికి రెండు వరసలు కుట్టాడు. ఆరోజు ఇరవైతో ఆగలేదు, యాభైసార్లు లాగాడు.

"కోటు చిరగాలే గానీ ఈ జిప్పు పోదు. మెడదాకా వేసుకో" అన్నాడు. ఆ పిల్ల నా గుమ్మం ముందు నిలబడి మెడదాకా వేసుకుని చూపించింది. గడ్డం దాకా మునిగిపోయి తాబేలులా ఉంది. అదే ఆఖరు.

వెళ్లిన ఆరో రోజు ఫోనొచ్చింది. మూడో క్యాంపులో పోయింది. అక్కడి నుంచి పంపిన కాగితంలో ఎత్తు అని, చలి అని, గుండె ఆగిందని మూడు మాటలు రాశారు. వారం తర్వాత దాని బ్యాగు వచ్చింది. గుమ్మంలోనే విప్పాడు ఆయన. కోటు బయటికి తీస్తే, కింద నుంచి మెడదాకా జిప్పు తెరుచుకుపోయి ఉంది. పళ్లు వంకర్లు పోయాయి. రన్నరే లేదు. కిరాణా కొట్టావిడ సరిగ్గా అప్పుడే అక్కడ నిలబడి ఉంది, నా పక్కనే. ఇద్దరం ఒకే కోటు చూశాం.

నెల తర్వాత దుకాణం తెరిచాడు. కోటుని బల్ల పైన మేకుకి, మొహం గోడవైపు తిప్పి తగిలించాడు. గోడనున్న బ్యాగులు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. ఆయన మొహాన ఎవరూ ఏమీ అనలేదు. పక్క వీధిలో ఇంకొకతనికి ఇచ్చుకోవడం మొదలుపెట్టారంతే.

మూడు నెలలయ్యాక ఒక పొద్దున మెట్ల మీద ధబ్ ధబ్‌మని చప్పుడు. తలుపు తీశాను. నేను తీయకపోతే ఇంకెవరు తీస్తారు? జిప్పులాయన! చెమటలు కారిపోతున్నాడు. వీపున పెద్ద సంచి. అందులో కాళ్లూ బల్లా ఊడదీసిన పాత కుట్టుమిషను, వట్టి ఇనప ముద్ద.

"ఏంటి తమ్ముడూ, పొద్దున్నే మిషన్ మోసుకుని ఎక్కడికి?"

"పైకక్కా."

"పైన ఎవరిదైనా జిప్పు ఊడిందా ఏంటి?"

ఆయన కమ్మీ పట్టుకుని ఊపిరి తీసుకున్నాడు. "అదే తెలుసుకోవాలి" అన్నాడు, ఎక్కుతూ పోయాడు. నాలుక కరుచుకున్నాను గానీ ఆ మాటకి అర్థం నాకప్పుడు తెలియలేదు.

రోజూ అదే వరస. వీధికి పంట పండినట్టయింది. మతి పోయిందని కొందరు. ఐదో అంతస్తు టీచరమ్మ కోసమని కొందరు. ఆవిడ ఆ మాట విని, "నా కోసమైతే ఆ ఇనుమెందుకు మోయడం, రెండు పూలు తెస్తే సరిపోయేదిగా!" అంది. నేను మాత్రం ఎనిమిదో రోజున ఆయన్ని మెట్ల మీదే ఆపి, మా గుమ్మంలో కుర్చీ వేసి కూర్చోబెట్టాను. సంచిలోంచి నోటు పుస్తకం తీశాడు. కూతురిది.

"చదివి పెట్టండక్కా. దాని రాత చూస్తే నాకు కళ్లు మసకలొస్తున్నాయి."

కూడబలుక్కుని చదివాను. మొదటి వారం చదును నేల మీద నడవాలి, తర్వాత బరువుతో మెట్లు. మాట్లాడుతూ నడవగలిగేంత వేగమే వేగం, మాట తెగితే ఎక్కువ వేగంగా పోతున్నట్టు. రెండు జతల మేజోళ్లు. కాలి గోళ్లు కత్తిరించుకోవాలి, లేకపోతే దిగేటప్పుడు బూటుకి కొట్టుకుంటాయి. దాహం వేయకముందే గుక్కెడు గుక్కెడు నీళ్లు. పగలు ఎత్తుకి పోయి, పడుకునేందుకు కాస్త కిందికి రావాలి. చివరి పేజీలో ఎర్ర సిరాతో, కింద రెండు గీతలు గీసి ఉంది: తలనొప్పి, వాంతి, ఆయాసం వస్తే వెంటనే చెప్పాలి. దాచకూడదు. దాచిపెట్టే వాళ్లకే ప్రమాదం.

ఆ గీతల మీదే వేలు పెట్టుకుని ఆగాను. ఆయన మాత్రం తల ఊపాడు, నేను తన లెక్క సరిచూసినట్టు.

"చూశారా అక్కా? దానికి తెలుసు. రాసుకుంది కూడా. తలనొప్పొస్తే చెప్పి ఉండేదే కదా. చెప్పలేదంటే రాలేదనేగా? మరి ఇంకేం మిగిలింది? చలి. చలి ఎలా చేరింది లోపలికి?" మళ్లీ తనే అన్నాడు, "జిప్పే."

"ఫోన్ చేసి అడక్కూడదూ?"

"చేశాను. తీసుకెళ్లిన గైడు కొండ మీదే ఉంటాడట. అయినా ఫోన్లో అడిగితే ఓదార్చడానికి ఏదో ఒకటి చెప్తారక్కా. ఆ చోట నిలబడి, నా మొహం చూసి చెప్పాలి. నా చెయ్యి చేసిందో కాదో నాకు తెలియాలి. యాభై మూడేళ్లొచ్చాయి నాకు. తెలియకుండా ఇంకా ఎన్నేళ్లు కుట్టను?"

ఆ రోజు నుంచి నేను ఆయనకి గడియారాన్నయ్యాను. మా మెట్లు తొంభై ఆరు. మొదట్లో మూడుచోట్ల ఆగి, పదకొండు నిమిషాలు తీసుకున్నాడు. మాట్లాడుతూ ఎక్కాలని పుస్తకంలో ఉందిగా, ఆయనకేమో మాటలు లేవు. రెండో అంతస్తు దాకా పక్కనే నడుస్తూ, "ఏదో ఒకటి వాగు తమ్ముడూ!" అనేదాన్ని. చివరికి రన్నర్ల సైజులు చెప్పుకుంటూ ఎక్కేవాడు. "మూడో నంబరు... ఐదో నంబరు... ఎనిమిదో నంబరు... పదో నంబరు..." ఆ గొంతు పైకి పోయి పోయి, పై అంతస్తు దగ్గర సన్నబడేది. ఎనిమిది నెలలు అలా ఎక్కాడు. సెలవు రోజుల్లో ఊరవతల రాతి గుట్టకి పోయి నాలుగుసార్లు ఎక్కి దిగేవాడు. బొబ్బలెక్కి పగిలి, ఆయన పాదాలు చెప్పుల అట్టల్లా తయారయ్యాయి. డాక్టరు చూసి, గుండె బాగుందని కాగితమిచ్చాడు. ఆ కాగితం చూసి ఆయన నవ్వలేదు గానీ, మడతపెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

మంచు దారులు తెరిచే నెలలో, అదే గైడు తీసుకెళ్లే జట్టు కావాలని అడిగి మరీ బయల్దేరాడు. రెండు వారాల ప్రయాణం. తొమ్మిదో రోజున వచ్చేశాడు.

పెదాలు పగిలిపోయి, ముక్కు మీద తోలు ఊడిపోయి, ఆటోలోంచి దిగాడు. "సగంలోనే భయపడి వచ్చేశాడు" అని కిరాణా కొట్టావిడ తేల్చేసింది. మర్నాడు దుకాణం తెరిచాడు. నేను మెట్ల మీద నుంచే చూశాను. మేకుకున్న కోటు ఇప్పుడు మొహం ఇటు తిప్పి ఉంది. జిప్పు మాత్రం అలాగే ఉంది, వంకర పళ్లతో.

రెండు రోజులు ఆగాను. రెండు రోజులు ఆగడం నాకు రెండేళ్ల పెట్టు. మూడో రోజు నా చిన్న పర్సు పట్టుకుని దిగాను.

ఆయన అందుకుని ఒకసారి లాగి చూశాడు. "ఇది బాగానే ఉందిగా అక్కా."

"తెలుసు" అన్నాను. నిలబడే అడిగేశాను. "జిప్పు ఊడిందా, తమ్ముడూ?"

"ఊడలేదక్కా. మెడదాకా వేసే ఉంది."

కొవ్వొత్తి ముక్క తీసి, బాగున్న నా పర్సుకే రుద్దడం మొదలుపెట్టాడు.

"గుండె మీద నొక్కడానికి కోటు విప్పబోయాడట గైడు. చలికి వేళ్లు కొంకర్లు పోయి రన్నరు దొరకలేదు. రెండంచులూ పట్టుకుని లాగినా రాలేదట. మోకాలు ఆనించి, ఇంకో మనిషి సాయం పట్టి చీల్చారట. 'ఎవరు కుట్టారో గానీ' అన్నాడు. దాని తండ్రినని చెప్పాను గానీ, కుట్టింది నేనేనని చెప్పలేదు."

నాకు ప్రాణం లేచొచ్చింది. "మరింకేం తమ్ముడూ! ఇప్పుడే పోయి ఆ కొట్టావిడ మొహాన చెప్పి వస్తాను. నీ చెయ్యి ఏం చేసిందట? ఏమీ చేయలేదుగా!"

"కూర్చోండక్కా."

ఆయన ముక్కాలి పీట జరిపాడు. కూర్చున్నాను.

"మూడో క్యాంపు నేను చూడలేదు. రెండో క్యాంపులో పొద్దున లేచేసరికి తల బద్దలైపోతోంది. నీళ్లు తాగినా కడుపులో తిప్పేస్తోంది. గైడు వచ్చి అడిగాడు, తలెలా ఉందని. బాగానే ఉన్నా అన్నాను. నేను అనుకుని అనలేదక్కా, నోరే అనేసింది. ఇంకో పూట ఓర్చుకుంటే మూడో క్యాంపు వస్తుంది కదా అని. మళ్లీ అడిగాడు. బాగానే ఉన్నా అన్నాను, నవ్వాను కూడా. ఆయన చేతిలో టీ గ్లాసు కింద పెట్టేశాడు. 'మీ అమ్మాయి కూడా ఇలాగే నవ్విందండీ' అన్నాడు. మూడు పొద్దులు అడిగాడట దాన్ని. మూడు పొద్దులూ ఇదే మాటట. దాని ఊపిరితిత్తుల్లో అప్పటికే నీళ్లు చేరుతున్నాయి. తలనొప్పి ఎప్పటి నుంచో ఉండి ఉంటుందన్నాడు. అంత నొప్పి పెట్టుకుని అలా ఎవరూ నవ్వరు, అందుకే నమ్మేశానన్నాడు. ఊపిరి ఎంత అందుతోందో చెప్పే క్లిప్పొకటి ఉంటుంది, వేలికి పెట్టేది. మీ అమ్మాయి పోయాకే అది కొన్నానన్నాడు. నా వేలికి పెట్టి చూసి, ఇంకో మాట లేకుండా రెక్క పట్టుకుని కిందికి దింపేశాడు. దిగుతుంటే దారిలో అడిగాడు, 'ఈ మాట మీ ఇంట్లో ఎవరు నేర్పారండీ?' అని."

పర్సు జిప్పు పైకీ కిందికీ లాగుతున్నాడు. లెక్కపెట్టడం లేదు.

నాకా నల్లటి గోరు కళ్లముందుకొచ్చింది. చెప్పకుండా ఉండలేకపోయాను. "నేనూ దాచాను తమ్ముడూ. పదో తరగతిలో దాని వేలు తలుపులో నలిగింది. నీకు చెప్పొద్దంది. నేను చెప్పలేదు."

"ఆ గోరు నేనూ చూశానక్కా."

"చూశావా?"

"అన్నం తినేటప్పుడు చూశాను. అడగలేదు. అడిగితే చెప్పేస్తుందేమోనని."

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. ఇంతకాలం ఈ మనిషి గురించి వీధిలో నేను అడగని వాళ్లు లేరు. కొట్టావిడని అడిగాను, టీచరమ్మని అడిగాను, మందుల షాపతన్నీ అడిగాను. ఒక్క మాట మాత్రం ఎదురుగా కూర్చుని ఈయన్నే ఎప్పుడూ అడగలేదని అప్పుడు తట్టింది.

"నువ్వెలా ఉన్నావు తమ్ముడూ?" అన్నాను.

"బాగానే..." అని ఆగిపోయాడు. నా పర్సు బల్ల మీద పెట్టాడు. మేకునున్న కోటు వైపు చూశాడు.

"లేదక్కా. బాగాలేదు. కాసేపు కూర్చుంటారా?"